బొండాల పరామర్శ

ఆ ఇంటి గోడ పక్కన ఖాళీ కొబ్బరి బొండాలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని చూసిన క్షణంలోనే నా అరికాళ్ళు చల్లబడ్డాయి.

కారు ఇంకా ఆగలేదు. నడుపుతున్న డాక్టరుగారు, "అబ్బో, ఈ ఊళ్ళో మర్యాదలు గట్టిగానే ఉన్నాయండీ," అన్నారు. వెనక సీట్లోంచి మేడంగారు, "మనం వస్తున్నామని కొట్టించి ఉంటారు. నాకైతే లేతది కావాలి," అన్నారు. ఆ ఇంటి అరుగు మీద మంచంలో ఉన్న మనిషికి పక్షవాతం వచ్చి గొంతు పట్టు తప్పింది. చిక్కటి జావ అయితే మెల్లగా మింగగలడు. పలచటి నీళ్ళు తాగిస్తే అవి కడుపులోకి వెళ్ళకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అలా జారి, న్యుమోనియా వచ్చి, ఒకటికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు. ఇంకోసారి వస్తే తట్టుకోవడం కష్టమని చెప్పింది, ఇప్పుడు బొండాల మర్యాద గురించి మాట్లాడుతున్న ఈ డాక్టరుగారే.

ఆ గుట్ట చూసి ముందు నాకే ఎందుకు భయం వేసిందంటే, భయపడటంలో నాకు అనుభవం ఎక్కువ. ఇద్దరు పిల్లల తల్లిని. మా ఇంట్లో ద్రాక్షపండు నాలుగు చీలికలయ్యాకే పళ్ళెంలోకి వెళుతుంది. మా అత్తగారు దానికి ద్రాక్షపచ్చడి అని పేరు పెట్టారు.

ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆ ఉద్యోగం మానేసి ఎంతో కాలం కాలేదు. పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు. నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను, కాబట్టి ఎక్కడైనా వాక్యం వంకర పోతే మన్నించాలి.

ముందు మా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఏలూరులో ఒక ఆసుపత్రి ఉంది. దానికి ఊళ్ళు తిరిగే నర్సులు ఉన్నారు. తాడేపల్లిగూడెంలో ఒక సేవాసంస్థ ఉంది. దానికి, మంచాన పడ్డవాళ్ళకి స్నానం చేయించి అన్నం పెట్టే ఆయాలు ఉన్నారు. కొల్లేరు లంక ఊళ్ళలో రెండూ తరచుగా ఒకే ఇంటికి వెళ్ళేవి, కాని ఎవరి డబ్బు వాళ్ళది, ఎవరి జీపు వాళ్ళది. చేపల చెరువుల మధ్య గట్ల మీద ఒక బండికే దారి ఉంటుంది. ఒకసారి ఇంటి నుంచి వస్తున్న ఆసుపత్రి జీపూ, అదే ఇంటికి వెళుతున్న సేవాసంస్థ జీపూ గట్టు మధ్యలో ఎదురుపడ్డాయట. "ముందు మీరు వెళ్ళండి." "అయ్యో, మీరే వెళ్ళండి." ఎవరూ వెనక్కి వెళ్ళలేదు. వెనకాల చేపల మేత లోడు లారీ వచ్చి ఆగింది. దాని వెనకాల ఐసు బండి వచ్చి ఆగింది. ఆ ఐసు కరిగిన రోజే ఉమ్మడి నిధి ఆలోచన పుట్టిందని మా ఆఫీసులో చెప్పుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు, నేను మాత్రం కొత్తవాళ్ళందరికీ నిజమనే చెప్పాను.

ఉమ్మడి నిధి అంటే, ఆసుపత్రి కొంతా సేవాసంస్థ కొంతా తెచ్చి ఒకేచోట పోయడం. ఆ తర్వాత ఒక మనిషికి ఏం కావాలో చూసి ఖర్చు పెట్టడం. అది వైద్యమా, సేవా అని అడగకూడదు. ఇద్దరి మధ్యనా కూర్చుని, అడగకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. మా ఆఫీసు గది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోడౌను మీద ఉండేది. ఎవరు లోపలికి వచ్చినా కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవారు. ఏలూరు నుంచి మొదటిరోజు రైలు దిగి వెళ్ళినప్పుడు, అందరూ ఇంత బాధలో ఉన్నారేమిటని నేనూ బెంగపెట్టుకున్నాను.

ఇక ఆ మంచంలో మనిషి. కైకలూరు చేపల మార్కెట్టులో వేలం నడిపి పాట పాడేవాడు. యాభై కూడా నిండలేదు. ఆయన పాడుతుంటే రోడ్డుకి అవతల మేత కొట్లవాళ్ళు ఫోను మాట్లాడటం ఆపేసేవారని చెప్పుకునేవారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. భార్య రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. వెళ్ళకపోతే ఇల్లు గడవదు, వెళితే ఆయనకి జావ పట్టేవాళ్ళు లేరు.

ఉమ్మడి నిధి రాకముందు ఈ జావ మీద రెండు ఆఫీసులూ నెలల తరబడి వాదించుకున్నాయి. "జావ తిండి కదండీ. తిండి మా పని కాదు," అనేవారు ఆసుపత్రి డాక్టరుగారు. "చిక్కగా ఉండాలని, ఇంత చెంచాతోనే పట్టాలని మీరే రాసిచ్చారు కదండీ. డాక్టరు రాసిచ్చిన దాన్ని మందు అంటారు," అనేవారు సేవాసంస్థ నడిపే మేడంగారు. ఇద్దరూ ఎంతో మర్యాదగా అనేవారు. ఒక్కసారి కూడా గొంతు లేవలేదు. ఆ మర్యాద నడుస్తుండగానే ఇంట్లో ఎవరూ లేని వేళ పక్కింటివాళ్ళు జాలిపడి మజ్జిగ పట్టారు. అది మొదటి న్యుమోనియా. తర్వాతది చారన్నం.

డబ్బు కలిశాక జావ ఒట్టి జావే అయింది. పొద్దున ఉండి అనే ఊరి నుంచి నర్సు వచ్చి మింగే కసరత్తులూ, మాట్లాడే కసరత్తులూ చేయించేది. తర్వాత కైకలూరు ఆయా వచ్చి జావ కాచి పట్టేది, భార్య పని నుంచి వచ్చేదాకా ఉండేది. నర్సు చిన్నపిల్ల, చదువు అయి ఎంతో కాలం కాలేదు. ఆయా ముగ్గురు పిల్లల తల్లి, ఆదివారం చర్చిలో పాట మొదలుపెట్టే గొంతు. ఇద్దరికీ మొదట్లో పడేది కాదు.

"అక్కా, తల కాస్త కిందికి వంచి పెట్టమన్నానా?"

"వంచానండీ."

"చెంచా చిన్నది వాడమన్నానా?"

"ముగ్గురు పిల్లల్ని పెంచానండీ సిస్టరుగారూ, మూకుడుతో పొయ్యలేదు."

ఈ మాటలు నాకు ఫోనులో ఇద్దరూ విడివిడిగా చెప్పేవారు. ఇద్దరికీ "మీరు చెప్పింది నిజమేనండీ" అనేదాన్ని. దాన్నే సమన్వయం అంటారని మా అపాయింట్‌మెంట్ కాగితంలో రాశారు.

అలా నడుస్తుండగా రెండు సంస్థల పెద్దలకీ ఒక ఆలోచన వచ్చింది. నిధిని ఇలాగే కలిపి ఉంచాలా, ఎవరిది వాళ్ళు తీసుకుని విడిపోవాలా అన్నది, ఒకసారి ఇల్లు చూసి తేల్చుకుందామన్నారు. డాక్టరుగారూ మేడంగారూ కలిసి వస్తామన్నారు. ఒకే కారులో. నేను ఆ ఇంటినే ఎంచాను, ఎందుకంటే మనిషి బాగున్నాడు. అంతా బాగుందని చూపిస్తే కలిసి ఉంటారు. ఆయన మళ్ళీ ఆసుపత్రి పాలైతే, కలిపి మాత్రం ఏం లాభం అంటారు, విడిపోతారు, జావ మళ్ళీ ఇద్దరి మధ్యలో పడుతుంది, ఆయనా దాంతోపాటే.

ఇంత ఆలోచించిన నేను, ఆ రోజు ఊరి చెరువులో చేపల పట్టుబడి అని కనుక్కోలేదు.

లంక ఊళ్ళలో ఎవరి చెరువులు వాళ్ళకి ఉన్నా, ఊరందరిదీ ఒక చెరువు ఉంటుంది. ఆ చెరువు పట్టే రోజు ఎవరూ పనికి వెళ్ళరు. చుట్టాలంతా వస్తారు. చేపలు అక్కడే గట్టు మీద వేలం వేస్తారు, ఇంటికింత పంచుతారు. ఏటా ఆ వేలం పాడేది మన మనిషే. ఈసారి ఎవరో కుర్రాడు పాడాడట, పాట చప్పగా ఉందట. దాంతో ఊరందరికీ ఆయన ఒకేసారి గుర్తొచ్చాడు. పాట అవగానే పరామర్శకి బయల్దేరారు. మంచాన ఉన్న మనిషిని చూడ్డానికి మనవైపు ఎవరైనా ఉత్త చేతులతో వెళతారా. తలా ఒక బొండాం.

మేం నర్సుకి నేర్పాం, ఆయాకి నేర్పాం, భార్యకి నేర్పాం. ఊరు మాలో ఎవరికీ తట్టలేదు.

కారు ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తాను. వాకిలి నిండా జనం, తడి చేపల వాసన, తట్టలు. అరుగు మీద మంచం, దానిలో తలగడలకి ఆనుకుని కూర్చున్న ఆయన. మంచానికి ఆ పక్కన నర్సు, ఈ పక్కన ఆయా, వెనక స్తంభానికి చేరబడి ఆయన భార్య. ముగ్గురి చేతుల్లోనూ బొండాలు. ముగ్గురి మొహాలూ బస్సు పడని వాళ్ళ మొహాల్లా ఉన్నాయి.

"ఎన్ని తాగారు ఆయన?" అన్నాను.

"ఆయన తాగలేదండీ," అంది ఆయా. "మేం తాగాం."

"ఏమిటి?"

"తెచ్చినవాళ్ళ ఎదురుగా వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారు కదండీ. పైగా ఇవాళ పండగలాంటి రోజు. అందుకని, ముందు సిస్టరుగారు పరీక్ష చేయాలండీ, డాక్టరుగారి ఆర్డరు అని చెప్పాను. సిస్టరుగారు పరీక్ష చేస్తున్నారు."

"అడుగుదాకానా?"

"సగంలో ఆపితే నమ్మరండీ. ఆవిడ చేయలేకపోతే నేను చేస్తున్నాను. నేను చేయలేకపోతే ఈవిడ."

నర్సు నా వైపు మెల్లగా తల తిప్పింది. "మేడం, నన్ను నవ్వించకండి. కదిలితే లోపల చప్పుడొస్తోంది."

చెంచా దగ్గర తగువులాడుకునే మనుషులు, పొద్దుటి నుంచి ఒకరి వాటా ఒకరు తాగుతూ కూర్చున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, దేన్ని ముందు వదలాలో తెలియక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆయా దయతలిచి బొండాం అందించింది.

ఈలోగా డాక్టరుగారు వచ్చి ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. "శుభ్రంగా ఉందండీ," అన్నారు. తర్వాత ఆ ముగ్గురి వైపూ గోడ పక్కన గుట్ట వైపూ చూసి, "ఇదంతా వైద్యమేనండీ. నివారణ అంటాం," అన్నారు.

"వైద్యమెలా అవుతుందండీ?" అన్నారు మేడంగారు. "పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళ మనసు నొప్పించకుండా కాచుకోవడం. ఇది పచ్చి సేవ."

"మా నర్సు కడుపులో ఉన్నది ఎక్కువండీ."

"ఆలోచన మా ఆయాది కదండీ."

అంతకుముందు నెలల తరబడి మాది కాదు, మాది కాదు అని మర్యాదగా నెట్టుకున్న ఇద్దరూ, ఇప్పుడు అంతే మర్యాదగా లాక్కుంటున్నారు. గెలిచామని నాకు అప్పుడే అనిపించింది. అలా అనిపించినప్పుడు ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోవాలి. నా మాట నమ్మండి.

ఎందుకంటే అప్పుడు మేనమామ వచ్చారు.

మంచంలో ఉన్నాయనకి స్వయానా మేనమామ, ఊళ్ళో పెద్దమనిషి. భుజం మీద కండువా, చేతిలో తల చెక్కిన బొండాం. అంత పెద్దది నేను అంతకుముందు చూడలేదు. ఆయా లేచి, "ఇలా ఇవ్వండి బాబుగారూ, పరీక్ష," అంది. ఆయన ఆగలేదు.

"పరీక్షలన్నీ మిగతావాళ్ళకమ్మా. నా మేనల్లుడికి నా చేత్తో తాగించుకుంటాను."

"అయ్యో, వద్దండీ," అన్నారు డాక్టరుగారు. "పలచటివి ఆయనకి పడవండీ."

"కొబ్బరినీళ్ళు పడనివాళ్ళు ఉంటారా డాక్టరుగారూ? మీ ఆసుపత్రి గేటు దగ్గర అమ్మేది ఏమిటండీ?"

అమ్మేది బొండాలే.

మేనమామ మంచం మీద కూర్చుని మేనల్లుడి తల వెనక చెయ్యి వేశారు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. బొండాం పైకి లేస్తోంది. మేమంతా చుట్టూ నిలబడి ఉన్నాం. డాక్టరుగారు "వినండీ, ఒక్కమాట వినండీ," అంటున్నారు. మేడంగారు "పెద్దవారు, మీకు తెలియనిది కాదండీ," అంటున్నారు. భార్య "మావయ్యగారూ, మావయ్యగారూ," అంటోంది. నేను "ఏవండీ, ఏవండీ," అంటున్నాను. అంతమందిమీ అండీ అంటున్నాం తప్ప, ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరి పెద్ద చెయ్యి పట్టుకుని ఆపడం మాకెవరికీ చేతకాదు. మా ఇంట్లో పిల్లవాడి నోట్లోంచి గుండీ లాగేటప్పుడు నాకు ఏ మర్యాదా అడ్డురాదు. ఇక్కడ అడుగు ముందుకి పడింది, చెయ్యి మాత్రం లేవలేదు.

బొండాం ఆయన పెదవులకి తగిలింది. ఆయన నోరు బిగించి, ముఖం పక్కకి తిప్పి, బొండాం వైపు చూశాడు. మార్కెట్టులో తట్టలోని చేపని చూసే చూపు అదేనని ఊళ్ళోవాళ్ళు తర్వాత చెప్పారు. అప్పుడు గొంతులోంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది.

"ఒకటోసారి."

మేనమామ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రెండోసారి," అన్నాడు ఆయన. ఈసారి ఇంకా స్పష్టంగా.

వాకిట్లో ఉన్నవాళ్ళంతా పాట తెలిసినవాళ్ళే. రెండోసారి అన్నాక ఎవరూ కదలరు, దగ్గనైనా దగ్గరు. ఎవరి చేతిలో తట్ట వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి మంచం పట్టె మీద కొట్టాడు.

"మూడోసారి."

కొట్టిన చెయ్యి ఎత్తి మేనమామ వైపు చూపించాడు.

ముందు తేరుకున్నది భార్య. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మావయ్యగారూ, పాట మీ మీద కొట్టేశారండీ," అంది. "ఇంక తప్పదు. తాగండి."

పెద్దాయన లేచి నిలబడి, అంత బొండామూ గుక్కతిప్పుకోకుండా తాగారు. తాగుతున్నంతసేపూ కళ్ళమ్మట నీళ్ళు. వాకిట్లో ఒకటే నవ్వులు, ఈలలు. నర్సు మాత్రం అలిగింది. "నెలల నుంచి అ అనండి, ఆ అనండి, అమ్మ అనండి అని ప్రాణం తీసుకుంటున్నాను కదండీ. ఒక్కటీ అనలేదు. ఇదా అనేది?" డాక్టరుగారు ఆమె పక్కన కూర్చుని చెప్పారు, నాలుకకి బాగా అలవాటైపోయిన మాటలు కొందరిలో అలా ముందుగా తిరిగొస్తాయని, ఆమె కసరత్తులు లేకపోతే ఆ గొంతు అంత బిగువుగా మూసుకునేది కాదని. రెండో మాటకి నర్సు శాంతించింది. చెప్పినందుకు నేను డాక్టరుగారిని అప్పటి నుంచి ఇంకాస్త ఎక్కువ గౌరవించాను.

బయల్దేరే ముందు మేనమామ మమ్మల్ని ఆపారు.

"మీ ఇద్దరూ వాటాలు వేసుకుని మావాణ్ణి చూసుకుంటున్నారటగా?"

"అవునండీ," అన్నారు మేడంగారు.

"మూడో వాటాకి మమ్మల్ని ఎందుకు పిలవలేదు? ఊరి చెరువు ఉంది. వచ్చే పట్టుబడిలో ఒక తట్ట మీ నిధిలో వేస్తాం. కాని ఏం పెట్టకూడదో ముందే చెప్పండమ్మా. ఇలా జనంలో పరువు తియ్యకండి."

డాక్టరుగారూ మేడంగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కలిసి ఉండాలా విడిపోవాలా అన్నది తేల్చడానికి వచ్చిన మనుషులు, ఆ మాటే మరిచిపోయి, చేపల తట్టని నిధిలో ఎలా వెయ్యాలో మాట్లాడుకుంటూ కారు ఎక్కారు. గట్టు మీద ఎదురుగా మేత లారీ వచ్చింది. డాక్టరుగారు ఏమీ అనకుండా వెనక్కి పోనిచ్చారు.

కొత్తగా చేరే అమ్మాయిలకి నేను చెప్పగలిగింది ఇంతే. వైద్యం ఖర్చూ సేవ ఖర్చూ కలపడానికి పెద్దలు మీటింగులు పెడతారు, మీరు టీలు అందిస్తారు, అది జరుగుతుంది. కాని ప్రతి ఇంటికీ ఒక ఊరు ఉంటుంది. అది ప్రేమతో వస్తుంది, చేతిలో ఏదో పట్టుకుని వస్తుంది. దాన్ని కూడా ముందే పిలిచి కూర్చోబెట్టండి. బొండాలు తాగే ఓపిక మీకు నాకంటే ఎక్కువ ఉండొచ్చు, అయినా పిలవండి.

ఆయనకి మాటలు తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. నీళ్ళు మింగడానికి మాత్రం ఇంకా చాలా కాలం పడుతుందని డాక్టరుగారు ఆ సాయంత్రం కారులోనే చెప్పారు. కాబట్టి నా భయం పూర్తిగా పోలేదు. కొంచెం చోటు ఇచ్చి పక్కకి జరిగింది.

మర్నాడు పొద్దున మా అమ్మాయికి జడ వేస్తూ ఈ కథంతా చెప్పాను. మూడోసారి దగ్గర చిన్నవాడు పళ్ళెం మీద చెంచాతో కొట్టాడు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. బడి బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది, మేం వినిపించుకోలేదు.

"ఆదివారం మనం ఆయన్ని చూడ్డానికి వెళదామా?" అంది అమ్మాయి.

"వెళదాం."

"ఏం పట్టుకెళదాం?"

"ఏమీ వద్దు."

"ఉత్త చేతులతో వెళితే నానమ్మ తిడుతుంది."

"తిట్టనీ," అన్నాను. "ఆయన జావ తినడానికి చాలాసేపు పడుతుంది. ఒక చెంచా పెట్టి, మింగేదాకా ఆగి, అప్పుడు ఇంకోటి పెట్టాలి. ఆ ఆగినంతసేపు పక్కన కూర్చోడానికి వెళుతున్నాం."

"కూర్చుని కబుర్లు చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు," అన్నాను. "ఆయన మింగాక."